మద్రాసులో మన ఊరి రాళ్ళు

నాన్నా,

ఈరోజు ధరణికోటలో అన్నయ్య నీ సంవత్సరీకం పెడుతున్నాడు. మా ఆయన నన్ను పంపలేదు. అందుకే నరసరావుపేటలో, వంటింట్లో కూర్చుని, నీకు అందదని తెలిసీ ఇది రాస్తున్నాను.

పోయిన నెల ఆయన పత్తి బేరానికి మద్రాసు వెళ్తూ నన్నూ తీసుకెళ్ళారు. యుద్ధం ముగిసింది కదా, నా ఆరేళ్ళప్పుడు నువ్వు చూపించిన ఊరంతా మళ్ళీ చూడొచ్చని ఎంతో సంబరపడ్డాను. కానీ మొదటి మూడు రోజులూ ఆయన సత్రం గదికి బయట గొళ్ళెం పెట్టే వెళ్ళారు. నేను కిటికీ దగ్గర కూర్చుని ట్రాముల గంటలు విన్నాను.

"మ్యూజియానికి తీసుకుపోండి, మా ఊరి రాళ్ళు అక్కడున్నాయి" అని అడిగాను.

"రాళ్ళు చూసేదేంది? మన పల్నాట్లో రాళ్ళకేమన్నా కరువా?" అన్నారు.

నాలుగో రోజు గది ఊడ్చే ముసలామె గొళ్ళెం తీసింది. ఆమె చీపురు అందుకునే లోపే నేను వీధిలోకొచ్చి, దారి అడుక్కుంటూ ట్రామెక్కేశాను.

మన ఊరి పక్కనున్న అమరావతి స్తూపం రాళ్ళు అక్కడే ఉన్నాయి. నువ్వు భుజాల మీద ఎక్కించుకుని చూపించిన మదపుటేనుగు శిల్పం ముందు నిలబడ్డాను. అప్పుడు నేను ఏనుగునే చూశాను. ఈసారి మాత్రం, అదే రాతిలో మేడ మీంచి వీధిలోకి తొంగిచూస్తున్న ఆడవాళ్ళను చానాసేపు చూశాను.

తిరిగొచ్చేసరికి ఆయన గది గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"ఎవరితో పోయావే?"

"మా నాన్నతో."

చచ్చిపోయినవాడి పేరు చెప్పి బొంకానని ఆయనకు కోపం. అప్పటినుంచి నన్ను గడప దాటనివ్వడం లేదు.

నేను అబద్ధమాడలేదు కదా, నాన్నా?