టామ్సిన్‌ను కట్టిన చోటు

కార్న్‌వాల్‌లోని పెన్‌రిన్ పట్టణం, రేవు వీధిలో అద్దె ఇంట్లో ఉంటున్న, కీర్తిశేషులు పెరన్ ట్రెంబాత్ భార్య లవ్‌డే ట్రెంబాత్ అనే నేను, డెబ్బై నాలుగేళ్ళ వయసులో, పూర్తి తెలివితో, ఎవరూ నూరిపోయకుండా, ఎవరికీ జడవకుండా రాయిస్తున్న మరణశాసనం ఇది. నా మతి స్థిమితంగానే ఉందని డాక్టరుగారు పరీక్షించి రాసిచ్చారు. "మీకు కోపం మాత్రం చాలా ఎక్కువగా ఉందమ్మా" అని కూడా అన్నారు. కోపం మతిభ్రమణం కిందికి రాదని మా వకీలు పియర్స్ బొలైతో గారు రూఢి చేశారు కాబట్టి ముందుకు సాగుతున్నాను.

1. ఇంతకుముందు నేను రాసిన వీలునామాలన్నీ ఇందుమూలంగా రద్దు. ముఖ్యంగా, నా తదనంతరం సర్వం మరిది క్లెమెంట్ ట్రెంబాత్‌కు చెందాలని నా భర్త నా చేత రాయించినది. దీన్ని అమలు జరిపే బాధ్యత బొలైతో గారిది.

2. నాకు ఇల్లూ పొలమూ లేవు. బ్యాంకులో ఉన్నది నన్ను సాగనంపడానికి సరిపోతుంది. నా అంత్యక్రియల్లో క్లెమెంట్ ప్రసంగించకూడదు. వాళ్ళ అన్న శవపేటిక పక్కన నిలబడి అతను చేసిన ప్రసంగం ఒక జీవితానికి చాలు.

3. నాకున్న అసలు ఆస్తి టామ్సిన్ అనే చెక్క పడవ. అది నా భర్తా నేనూ కలిసి సంపాదించుకున్న స్వార్జితం. అడుగు పుచ్చిపోయి, వంటచెరుకు కింద అమ్ముతున్న దాన్ని పెరన్ కొనుక్కొచ్చాడు. పాక వేసి, పలక తర్వాత పలక మార్చాడు. తెరచాపలు నేను కుట్టాను. అది నీళ్ళలోకి దిగిన రోజున మేమిద్దరం పెళ్ళినాడు కూడా అంత సంతోషించలేదు.

తర్వాత మా రేవులో పడవ కట్టుకోవడానికి అద్దె పెంచేశారు. పెరన్‌కు ఊపిరితిత్తుల జబ్బు పట్టుకుంది. వెచ్చటి సముద్రం మంచిదన్నారు. గ్రీసులో చోటు వెతుక్కుందామని వంటింటి బల్ల మీద పటాలు పరిచి కూర్చున్నాం. ఒకచోట అద్దె మా పింఛను మింగేసేలా ఉంది. ఒకచోట చవకే కానీ దక్షిణపు గాలికి అడ్డు లేదు. నేను స్వయంగా వెళ్ళి అయోనియన్ తీరమంతా తిరిగి, కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సన్నటి సముద్రపు పాయ, వాథి వాగు చూసుకొచ్చాను. బురద, దోమలు, కరెంటు సగం రోజులే. కానీ మూడు వైపులా కొండలు. ఎటు నుంచి గాలి వీచినా లోపల టీ కప్పు కదలదు. అద్దె మాకు అందుబాటులో ఉంది.

అప్పుడు క్లెమెంట్ వచ్చి మా బల్ల దగ్గర కూర్చుని, నేను చేసిన మాంసం కజ్జికాయ తింటూ నవ్వాడు. "అది పడవలు కట్టే చోటా, పందులు పొర్లే చోటా వదినా? ఆ పక్కనే మా మెరీనా ఉంది, అసలైన పడవల రేవు, అక్కడికి రండి. నా పేరు మీద తీసుకుంటే సగం రేటుకే ఇస్తారు. సొంత అన్న దగ్గర నాకు దాపరికం ఏముంటుంది?"

"కాగితం మీద మా పేరెందుకు ఉండకూడదు?" అన్నాను నేను.

"నీకన్నీ అనుమానాలే" అన్నాడు పెరన్ నాతో. "తమ్ముడు కదా, లవ్‌డే."

అలా టామ్సిన్‌ను గ్రీసుకు చేర్చి, క్లెమెంట్ పేరు మీదే ఆ మెరీనాలో కట్టాం. ఆ మాట అన్నందుకు పెరన్ మీద నాకు ఇప్పటికీ కోపమే. అతను పక్కన ఉండి ఉంటే రోజూ దెప్పేదాన్ని. లేడు, అదింకో కోపం.

4. ఆరేళ్ళ కిందటి ఫిబ్రవరిలో పెరన్ పోయాడు. క్లెమెంట్ ప్రసంగించాడు, ఏడ్చాడు, నా భుజం తట్టాడు. ఆ వారంలోనే మెరీనాకు ఫోన్ చేసి టామ్సిన్‌ను మా చోటులోంచి తీయించి, బయటి గోడకు, సముద్రానికి ఎదురుగా కట్టించాడు. మా చోటులో తను కొత్తగా కొన్న పొడుగాటి తెల్ల పడవను పెట్టించుకున్నాడు.

నాకు ఈ సంగతి చెప్పింది అతని భార్య థెల్మా. గొంతు తగ్గించి ఫోన్‌లో మాట్లాడింది. "అక్కా, నేను చెప్పానని ఎక్కడా అనకు. మీ పడవని బయట కట్టేశారు. అక్కడ గాలి బాగా లేదంటున్నారు. నువ్వు వెంటనే బయల్దేరు."

నేను వెళ్ళేసరికి గాలి నాకంటే ముందే వచ్చి పోయింది. టామ్సిన్ ఒక పక్కంతా రాతిగోడకు కొట్టుకుని చీరుకుపోయింది. చుక్కాని విరిగింది. మునగకపోవడానికి కారణం ఒక్కతే. స్టమాటియా అనే ఆవిడ, వాథి వాగులో పడవలు బాగుచేసే పాక నడుపుతుంది. డీజిల్ కోసం అటు వచ్చి, ఎవరిదో తెలియని పడవ చావబోతుంటే చూడలేక, తన టైర్లు తెచ్చి గోడకూ పడవకూ మధ్యలో వేలాడదీసి, తన మోకులతో కట్టింది.

నేను అక్కడి నుంచే క్లెమెంట్‌కు ఫోన్ చేశాను. "ఒప్పందం నా పేరు మీద ఉంది వదినా. చట్టప్రకారం నేను చేసిందాంట్లో తప్పేం లేదు. నువ్విప్పుడు బాధలో ఉన్నావు, తర్వాత మాట్లాడదాం" అన్నాడు. ఆ 'తర్వాత' ఇంతవరకూ రాలేదు. అందుకే ఇక్కడ మాట్లాడుతున్నాను.

5. సదరు క్లెమెంట్ ట్రెంబాత్‌కు, టామ్సిన్ పక్క నుంచి ఊడివచ్చిన ఓక్ పలక ముక్క ఒకటి, మేకులతో సహా దఖలు పరుస్తున్నాను. అది నా మంచం కింద ఉంది. దాన్ని బొలైతో గారు పడవల క్లబ్బు వార్షిక విందులో, అందరూ కూర్చుని ఉండగా అతని చేతికి ఇవ్వాలి. "ఇది అవసరమంటారా అమ్మా?" అని బొలైతో గారు అడిగారు. అవసరమే. రాయండి అన్నాను. రాశారు.

6. పెరన్ పనిముట్లన్నీ, అంటే ఉలులు, చిత్రికలు, అతని చేతి చెమటకు నల్లబడ్డ కొయ్య సుత్తితో సహా, స్టమాటియాకు చెందాలి. నా పసుపుపచ్చ వానకోటు కూడా. ఆవిడ ఎప్పుడూ దాని వంక చూస్తుంది, అడగదు.

ఆ రోజు ఆవిణ్ణి, "మీ వాగులో చోటుందా?" అని అడిగాను.

"బురద ఉంది. పని చేసే ఓపిక ఉంటే చోటు కూడా ఉంది" అంది. తన పనిపడవకు కట్టి టామ్సిన్‌ను లాక్కెళ్ళింది. దారి పొడుగునా నేను లోపలికి వస్తున్న నీళ్ళు తోడుతూనే ఉన్నాను. ఆ ఏడాది వేసవంతా ఇద్దరం కలిసి పలకలు మార్చాం. ఆవిడా మొగుణ్ణి పోగొట్టుకున్నదే. "ఏడుపొస్తే ఏడువు కానీ, రంగు ఆరేలోగా దాని మీద పడనియ్యకు" అనేది. పెరన్ పోయాక నేను మొదటిసారి నవ్వింది ఆ మాటకే.

7. టామ్సిన్‌ను, తెరచాపలు, లంగరు, పొయ్యి, పెరన్ టీ కప్పుతో సహా, నా తోడికోడలు థెల్మా ట్రెంబాత్‌కు సర్వహక్కులతో రాసిస్తున్నాను. వాథి వాగులో నా చోటు కూడా ఆమెదే. స్టమాటియా ఒప్పుకుంది. దీనిలో ఆమె భర్తకు ఏ విధమైన హక్కూ, భుక్తమూ, సలహా చెప్పే అధికారమూ లేవు.

కారణం రాస్తాను. క్లెమెంట్ పడవ మీద ముప్పై ఏళ్ళుగా థెల్మా పని శాండ్‌విచ్‌లు చేయడం, తాళ్ళు చుట్టడం. చుక్కాని దగ్గరకొస్తే "ఏయ్, దాన్ని ముట్టుకోకు" అంటాడు, అతిథుల ముందే. ఆమె ప్రతి సెప్టెంబరులో స్నేహితురాలింటికని చెప్పి వాగుకు నా దగ్గరకు వస్తోంది. మొదటిసారి చుక్కాని చేతికిస్తే వెనక్కి జరిగింది. "అక్కా, నా వల్ల కాదు, దేనికన్నా గుద్దేస్తాను."

"గుద్దు. పలకలు మార్చడం నాకొచ్చు" అన్నాను.

వాగు నోటి దగ్గర గాలి తెరచాపలోకి నిండింది. పడవ తిరిగింది, ఆమె తిప్పిన వైపే. "అక్కా! ఇది నా మాట వింటోంది!" అని అరిచింది. అరవై దాటిన మనిషి. తన మాట ఒకటి చెల్లడం అంత కొత్తగా ఉంది ఆమెకు. ఆ అరుపు వినిపించినప్పుడే నిర్ణయించుకున్నాను.

8. పోయిన వసంతంలో ఆ మెరీనా వాళ్ళు అద్దె బాగా పెంచారు. క్లెమెంట్ టోపీ చేత్తో పట్టుకుని వాగుకు వచ్చాడు. "ఇక్కడ చాలా ప్రశాంతంగా ఉంది వదినా, నేనెప్పుడూ అంటూనే ఉన్నాను" అన్నాడు. పందుల సంగతి గుర్తు చేయలేదు నేను. స్టమాటియా అతని పడవ లోతు అడిగి, "ఇక్కడ పట్టదు, బాబూ. అడుగు బురదలో దిగబడుతుంది" అని తన పనిలో పడింది. అది నిజమే. నేను ఆవిడకు ఏమీ చెప్పి ఉండలేదు.

అప్పటి నుంచి అతను నా మీద ప్రేమ చూపిస్తున్నాడు. తెల్ల పడవ అమ్మేసి చిన్నది తీసుకుంటాననీ, నా తర్వాత వాగులో చోటు ఇంట్లోవాళ్ళకే ఉండాలనీ అంటున్నాడు. నా గుండె జబ్బు ముదిరిందని తెలిసి పళ్ళు తెస్తున్నాడు.

9. ఈ వేళ బొలైతో గారు వస్తున్నారని ఎలా తెలిసిందో, ఉదయాన్నే మంచి కోటు వేసుకుని, బంగారు కలం జేబులో పెట్టుకుని వచ్చాడు. "బయటివాళ్ళెందుకు వదినా? సాక్షి సంతకం నేను పెడతాను" అన్నాడు.

సాక్షి సంతకం పెట్టిన వాడికి గానీ, అతని భార్యకు గానీ ఆ వీలునామా కింద చిల్లిగవ్వ చెల్లదని చట్టం. ఆ సంగతి అతనికి తెలియదు. చట్టప్రకారం అన్న మాట మాత్రం తెలుసు. నేను ఆ కలాన్ని చూశాను. అతను దాంతో సంతకం పెడితే పడవ థెల్మాకు దక్కకుండా పోతుంది.

"వద్దు క్లెమెంట్. చట్టప్రకారం కుదరదు" అన్నాను. ముఖం మాడ్చుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. బొలైతో గారు తలుపు గడియ వేసి వచ్చి కూర్చున్నారు. పక్కింటివాళ్ళను పిలిపించాం.

పైన రాసినదంతా చదివించుకుని విని, నా ఇష్టపూర్తిగా చేవ్రాలు చేశాను.

పెన్‌రిన్, 2023 అక్టోబరు 17, మంగళవారం.

(సంతకం) లవ్‌డే ట్రెంబాత్

మా ఎదుట సంతకం చేశారు, ఆమె ఎదుట మేమూ చేశాం:
1. హెడ్లీ స్పార్గో, రొట్టెల దుకాణం, రేవు వీధి
2. మురియెల్ నాన్స్, విశ్రాంత నర్సు, రేవు వీధి