పత్రం చివర నా నంబరు

తమ్ముడూ,

నిన్న నీ సంవత్సరీకం. మీ ఇంట్లో భోజనాలవుతుండగా బెంగళూరు నుంచి ఒకాయన నా సెల్‌కు ఫోన్ చేశాడు. కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి నువ్వు రాసిన నియమాల్లో ఒక తప్పు కనిపించిందట, నీతో మాట్లాడాలన్నాడు. నువ్వు పోయావని చెప్పాను.

"క్షమించండమ్మా. ఆ నియమాల పత్రం చివర ఆయన నంబరని ఇదే ఉందండి" అన్నాడు.

మనవరాలు ఆ పత్రం ఇంటర్నెట్‌లో తెరిచి చూపించింది. నీ పేరు కింద మా కొవ్వూరు ఇంటి చిరునామా, నా నంబరు. ప్రపంచంలో ఎవరైనా చూడొచ్చట. ఇన్నేళ్లూ వేళాపాళా లేకుండా నీకోసం వచ్చిన ఫోన్లన్నీ అందువల్లేనన్నమాట.

"తీసేయమని ఆ పత్రం వేసినవాళ్లకు రాయవే" అన్నాను.

ఇవాళ జవాబు వచ్చింది.

"ఒకసారి బయటికొచ్చాక అక్షరం కూడా మార్చరంట అమ్మమ్మా. నువ్వే నంబరు మార్చేసుకో."

దీని పెళ్లి శుభలేఖ మీద నా నంబరు వేయిస్తే ఎంత గొడవ చేశావు! "ఊరందరికీ నీ నంబరెందుకక్కా?" అంటూ అచ్చయిన కార్డులన్నిటి మీదా నీ చేత్తోనే సిరా పూశావు. నా మంచి కోరే తమ్ముడివని వియ్యాలవారికి కూడా గొప్పగా చెప్పుకున్నాను. అప్పటికే నువ్వు దాన్ని లోకానికి ఇచ్చేశావు. నీ నంబరు మాత్రం ఎవరికీ చెప్పొద్దన్నావు. నేను చెప్పలేదు.

నన్ను అడిగి ఉంటే ఇచ్చేదాన్నే.

ఇందాక మళ్లీ ఎవరో నీకోసం చేశారు. "ఇది ఆయన నంబరు కాదండి, నాది" అని పెట్టేశాను. నువ్వు పోయిన సంగతి చెప్పలేదు.