ఉప్పుకోట చివరి రెండు భాగాలు

జూన్ 4, బుధవారం

కొట్లోకి టీషర్టులు దిగాయి. నల్లవి. వీపు మీద తెల్ల అక్షరాలు: "ఇల్లు కనబడుతోంది, పద." ఉప్పుకోట నవలల్లో నాలుగో పుస్తకం ఆఖరి వాక్యం. సినిమా వచ్చిన రోజు మా అభిమానుల సంఘం అంతా ఇవే తొడుక్కుని హాలుకి వెళ్తుందట. బావ అప్పుడే ఒకటి తగిలించేశాడు. మా పెళ్ళై ఇరవయ్యేళ్ళు దాటినా కొత్త చొక్కా అంటే అదే సంబరం. కందిపప్పు తూస్తూ, వచ్చినవాళ్ళకల్లా వీపు తిప్పి చూపిస్తున్నాడు.

"ఎలాగున్నాదే?"

బాగుందన్నాను. ఏమనను... ఆ వాక్యం నాది.

రాసేశాను. ఇన్నేళ్ళలో మొదటిసారి కాగితం మీద పెట్టాను.

జూన్ 6, శుక్రవారం

అప్పటికి మా పెళ్ళి కాలేదు. బావ విశాఖలో చదువు. ఉప్పుకోట రాసిన మేష్టారి నాలుగో నవల ఓ చిన్న వారపత్రికలో సీరియల్‌గా వస్తోంది. "పేజీలు సింపి దాసు, అయిపోయాక బైండు సేయిద్దాం" అని నాకు అప్పగించాడు. ముప్పై ఎనిమిది వారాలు దాచాను. చివరి రెండు వారాలు నాకు పరీక్షలు. ఆ సంచికలు మా కొట్లో పాత పేపర్ల దొంతరలో కలిసిపోయాయి. నాన్న వాటిలో ఎండుమిరపకాయలు పొట్లాలు కట్టేశాడు. నేను చదవనైనా లేదు.

బావ వారంలో వస్తాడు. భయం. కూర్చుని నేనే రాశాను, రెండు భాగాలూ. గంటస్తంభం దగ్గర స్నేహితురాలి నాన్న ప్రెస్సులో, కాలేజీ పత్రిక కోసమని చెప్పి, అలాంటి కాగితం మీదే అచ్చు వేయించాను. బైండులో కలిపి కుట్టించేశాను. అసలువి దొరికాక మార్చేద్దామనే అనుకున్నాను, ఒట్టు.

పత్రిక మూతపడింది. మేష్టారు పోయారు. ఆ నవలని పుస్తకంగా వేద్దామని ఊరూరా వెతికినవాళ్ళకి పూర్తిగా దొరికింది మా బైండు ఒక్కటే.

జూన్ 8, ఆదివారం

కొట్టు మేడ మీద సంఘం కూడింది. కూడడం కాదు, యుద్ధం. సినిమా వాళ్ళు ముగింపు మార్చారట. మేష్టారి అమ్మాయి వసంత గారు, శ్రీకాకుళంలో టీచరు, తండ్రి చేతిరాత నోటుబుక్కు దొరికిందని ఇచ్చారట. అందులో కథానాయిక చంద్రి ఇంటికి రాదు. భావనపాడు సముద్రం అడుగున ఆ ఉప్పుకోటలోనే ఉండిపోయి, తలుపు లోపలినుంచి వేసేసుకుంటుంది.

"కూతురైతే ఏటి? సినిమావోళ్ళ కోసం తండ్రి రాతనే మార్సేస్తాదా!" బావ.

"నోటుబుక్కులు ఎవులైనా రాస్తారు" అని ఇంకెవరో.

ఒక్క అక్షరం మారినా ఊరుకోరట. నేను టీలు అందిస్తున్నాను, తేలు కుట్టిన దొంగలా.

జూన్ 9, సోమవారం

ఫోన్లో వసంత గారి ఫోటో కింద జనం రాస్తున్న మాటలు చదివాను. "తండ్రి రాతను అమ్ముకున్న కూతురు" — వాటన్నిటిలో మర్యాదగా ఉన్నది అదే. బావ రాయలేదు. రాసేవాళ్ళని ఆపనూ లేదు.

జూన్ 10

ఏ పనీ తోచడం లేదు. పులుసులో రెండుసార్లు ఉప్పు వేశాను.

జూన్ 11, బుధవారం

మధ్యాహ్నం అన్నం దగ్గర చెప్పేశాను. "బావా, ఆ చివరి రెండు భాగాలూ నేనే రాశాను."

పొలమారేదాకా నవ్వాడు. "నువ్వా? మీ పిన్నికి నాలుగు ముక్కలు ఉత్తరం రాయమంటే మూడ్రోజులు ఏడ్సినావు కదే!"

మిరపకాయల పొట్లాల సంగతీ చెప్పబోయాను. వినలేదు. నెమ్మదిగా అన్నాడు... "ఆ బైండు సూసే కదే, నిన్ను సేసుకుంటానని మావతో అన్నాను. ఒక్క వారం పోకుండా దాసిన పిల్ల, మాట తప్పదని."

నేనూ నవ్వేశాను. సిగ్గులేని నవ్వు.

ఇంకో సంగతి, ఈ కాగితానికి మాత్రమే: నమ్మనందుకు ఒళ్ళు మండింది. అంత బాగా నేను రాయలేననా!

జూన్ 13, శుక్రవారం

వసంత గారికి ఫోన్ చేశాను. మొత్తం చెప్పాను. 

"అది సదివి నేనూ ఏడ్సినానమ్మా. నాన్న రాసిందే అనుకున్నాను." తిట్టలేదు. తిడితే బాగుండేది. "ఇప్పుడు మా బళ్ళో పిల్లలు అడుగుతన్నారు, టీచరు గారూ, మీరు అబద్ధమాడినారా అని."

ఆదివారం మా ఊరికే వస్తున్నారు, మావాళ్ళు నిలదీయడానికి పిలిచిన సభకి. "అందరి ముందూ సెప్తావా?"

చెప్తానన్నాను. నోటికేం, అనేస్తుంది.

జూన్ 14, శనివారం

బావ బైండుకి కొత్త అట్ట వేయించాడు. "రేపు ఇది నువ్వే పట్టుకోవాలి. దాసినదానివి నువ్వు. ఆవిడ ముందు పెట్టి పేజీలు తిప్పి సూపించు."

అతను స్నానానికి వెళ్ళాక తిప్పి చూశాను. బైండంతా కథ కాగితాల వెనకవైపు తలనొప్పి మాత్రలు, సబ్బులు, ఫినాయిలు. నా ఎనిమిది పేజీల్లో ఒక్క ప్రకటనా లేదు. అప్పుడు నాకే తట్టలేదు. ఆ తర్వాత ఎవరికీ కనబడలేదు. కథలో పడ్డవాడు ప్రకటనలు చూడడుగా.

సాక్ష్యం కావాలంటే అది చాలు. వేలు పెట్టి చూపిస్తే చాలు.

జూన్ 15, ఆదివారం

పదింటికి సభ. తొమ్మిదిన్నర. చీర కట్టుకున్నాను, బైండు ఒళ్ళో ఉంది, దాని మీదే పెట్టి రాస్తున్నాను. కింద స్కూటరు.

"ఒసే, రాయేటే! ఆవిడ అప్పుడే వచ్చి కూకున్నాదట!"

మెట్లు దిగగానే అతనికే ముందు చూపించాలి. అతనికి పదిమందిలో తెలియకూడదు. చూపిస్తే కోప్పడి నన్ను ఇక్కడే వదిలేసి పోతాడని కాదు నా భయం.

ఈసారి నమ్ముతాడు, అదీ భయం.

మళ్ళీ పిలుస్తున్నాడు... వస్తన్నాను బావా —