ఆయన ఎంచినవి పన్నెండు

హఫీజ్‌పేట్ రైల్వేస్టేషను దగ్గర, మూడో అంతస్తు 302లో కాపురముంటున్న కొల్లూరి సుబ్బలక్ష్మి, భర్త ఉదయ్ భాస్కర్, వయస్సు యాభై మూడు, గృహిణి, అనే నేను నా చేత్తో రాసుకున్న వీలునామా. నా మతి స్థిమితంగా ఉంది. రక్తపోటు నిన్ననే చూపించుకున్నాను, అదీ సరిగానే ఉంది. ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు. కోపంతో రాస్తున్నానా అంటే, అవును. కోపం మతిభ్రమణం కిందికి రాదని, రిజిస్ట్రేషను ఆఫీసులో పనిచేసి రిటైరైన పక్కింటి రామ్మోహనరావు గారిని అడిగి తెలుసుకున్నాను. దీన్ని అమలు జరిపే బాధ్యత వారిదే.

1. ఆస్తి వివరం. నా బంగారం, బ్యాంకు విషయం వేరే కాగితంలో ఉంది. వాటి మీద తగాదా లేదు. ఇది హాల్లోని అద్దాల బీరువాలో ఉన్న 336 బొమ్మల గురించి. పన్నెండో శతాబ్దంలో జెరూసలేం కోసం జరిగిన క్రూసేడు యుద్ధాలను బల్ల మీద పాచికలతో ఆడే ఆటకు కావలసిన సీసపు సైనికులు. క్రూసేడర్లు 168, సుల్తాను సైన్యం 168. పార్సిళ్లన్నీ నా పేరున వచ్చాయి, రసీదులు బొమ్మల వరస నంబర్లతో నీలం అట్ట పుస్తకంలో అంటించి ఉన్నాయి. రంగులు వేసింది నేను. 323 బొమ్మలను ఎంచిందీ నేనే.

ఎంచడమంటే నచ్చింది కొనేయడం కాదు. పెట్టె మీద ఇరవై ఎనిమిది మిల్లీమీటర్లని రాసినంత మాత్రాన అన్ని కంపెనీల సైనికులూ ఒకే ఎత్తు ఉండరు. అరికాలి నుంచి కంటిదాకా కొలుచుకోవాలి. దసరా కొలువులో పెళ్లికొడుకు బొమ్మ పక్కన అతని మోకాలంత పెళ్లికూతుర్ని నిలబెట్టం గదా, ఇదీ అంతే. ఈటెవాళ్లు ఎందరు, విలుకాళ్లు ఎందరు, ఏ ఏటి యుద్ధానికి ఏ డాలు, అన్నీ చూసుకోవాలి. పదకొండేళ్లు చూసుకున్నాను.

2. కారణం. గత నెల ముప్పై ఒకటిన మాదాపూర్‌లో, మావారు ఈ ఆట ఆడే క్లబ్బు ప్రదర్శన జరిగింది. వచ్చిన ఒకాయన మా సైన్యాల ముందు చాలాసేపు నిలబడి, ఇవి ఎవరు ఎంపిక చేశారని అడిగాడు. "అన్నీ నేనేనండి" అన్నారు మావారు. తర్వాత నన్ను చూపించి, "మా ఆవిడండి. దుమ్ము దులుపుతుంది పాపం" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వినందుకు నన్ను నేను ఇంకా క్షమించుకోలేదు. అదే సాయంత్రం బొమ్మలన్నీ క్లబ్బుకు రాసిస్తానని మాట కూడా ఇచ్చేశారు. "ఉదయ్ భాస్కర్ సేకరణ" అని ఇత్తడి పలక చేయించుకొచ్చి దేవుడి గూటి పక్కన పెట్టుకున్నారు.

3. కనుక నా తదనంతరం, నా భర్త శ్రీ ఉదయ్ భాస్కర్ గారికి, సైన్యం కోసం ఆయన స్వయంగా ఎంచిన బొమ్మలన్నీ సర్వహక్కులతో చెందవలెను. అవి పన్నెండు. మా అమ్మ కంటి ఆపరేషనుకు నేను కాకినాడ వెళ్లిన వారంలో తెప్పించిన గుర్రపు యోధులు. ముఖమంతా కప్పేసే శిరస్త్రాణాలు, తలకు బిందె బోర్లించినట్టు. మా సైన్యం 1187 నాటిది. అప్పటివాళ్లకు ముక్కు మీదికి పట్టీ దిగే టోపీలే, ముఖం కనబడేది. ఈ బిందెలు రావడానికి ఇంకో ముప్పై నలభై ఏళ్లు పడుతుంది. తాతగారి పెళ్లి ఫోటోలో మనవలు నిలబడ్డట్టుంటారు. ఆ మాటే అప్పుడు చెప్పాను. "ఏంటోయ్, నాకు చరిత్ర చెబుతావా? చూస్తే భయం వేస్తోందా లేదా, అది చాలు" అన్నారు. సరేనని వాటికీ శ్రద్ధగానే రంగులు వేశాను.

సదరు ఇత్తడి పలకను ఈ పన్నెండింటి పైనే బిగించవలెను. చరిత్ర తెలిసినవాళ్లు వచ్చి చూస్తారు, అడుగుతారు. జవాబు ఆయనే చెప్పుకుంటారు. వీటితో పాటు మెత్తటి బ్రష్షు ఒకటి ఇస్తున్నాను. కత్తుల మీద అడ్డంగా దులిపితే విరుగుతాయి, నిలువుగా దులపాలి. ఈ సంగతి ఆయన తెలుసుకునే అవసరం ఇంతవరకూ రాలేదు.

4. క్లబ్బు కార్యదర్శి చిరంజీవి వంశీకి, ఫ్రిజ్ మీద నేను అంటించుకున్న ఏడు కాగితాలు. వాటిని ఫోటో తీసుకుపోయి, "సైన్యం ఎంపికకు ఏడు సూత్రాలు" అని మావారి పేరుతో క్లబ్బు సంచికలో వేశాడు. ఇదేమిటయ్యా అంటే, "ఆంటీ, మీరు పరేషాన్ కాకుండ్రి. అంకుల్ పేరు పెడితే మీ పేరు పెట్టినట్టే గదా. జర ఛాయ్ ఇస్తరా?" అన్నాడు. ఆ కాగితాల వెనక వైపు అదే చేతిరాతలో మా ఇంటి పాల చిట్టా ఉంది. రెండు వైపులా నకళ్లు తీయించి రామ్మోహనరావు గారు సభ్యులందరికీ పంచవలెను. నా టీ వడకట్టే జల్లెడ కూడా వంశీకే.

5. గోపన్‌పల్లి నుంచి పన్నెండేళ్లుగా మా ఇంటికి పనికి వస్తున్న పోచమ్మకు నా కుట్టుమిషను, నలభై ఒకటో నంబరు ఎర్ర గుర్రం, రౌతుతో సహా. గుర్రాల ఎంపికలో నాకు గురువు ఆవిడే. మొదటి పెట్టె విప్పినప్పుడు చీపురు పక్కన పెట్టి, "గీ గుర్రం గిట్లెట్ల ఉరుకుతదమ్మా? నాలుగు కాళ్లు నాలుగు దిక్కులకు పోతున్నయ్. మా నాయిన జట్కా గుర్రం గిట్ల ఉరికితే మేమంతా మోరిల పడి ఉంటుంటిమి" అంది. ఆ పెట్టె తిప్పి పంపేశాను. బీరువాలో పడిపోయేలా పరుగెత్తే గుర్రం ఒక్కటీ లేదు. ఆవిడ పేరు కూడా ఎవరూ చెప్పలేదు.

6. మా అమ్మాయి రసజ్ఞకు మిగతా 322 బొమ్మలు, నీలం పుస్తకం. "పాచికలు కలిసొస్తే నాన్న తెలివి, లేకపోతే బొమ్మల తప్పు" అని తండ్రి ముఖం మీదే అనగలిగింది అదొక్కతే. షరతు: ఎక్కడ ప్రదర్శించినా "ఎంపిక: సుబ్బలక్ష్మి, గుర్రాలు: పోచమ్మ" అని చీటీ ఉండవలెను. చీటీ చాలు, ఇత్తడి వద్దు.

7. ఒకటో నంబరు ఈటెవాడు ఎవరికీ చెందడు. బెంగళూరు ఆఫీసు పని మీద వెళ్లి వస్తూ, ఆయన జేబురుమాలులో చుట్టి చొక్కా జేబులో పెట్టుకుని తెచ్చారు. "నీకు చిన్న బొమ్మలంటే ఇష్టం కదా" అన్నారు. అప్పటికి ఆయనకు ఈ ఆట సంగతే తెలియదు. ఆ బొమ్మను నా అస్థికలతో కలపండి.

8. రద్దు. నా జీవితకాలంలో మావారు, నేను అడగకుండా, ఎవరూ అందించకుండా, అదే క్లబ్బువాళ్ల ముందు నిలబడి "ఎంపిక మా ఆవిడది" అని చెబితే, మూడో అంశం కొట్టేసి మళ్లీ రాస్తాను. రామ్మోహనరావు గారు ఈ విషయం ఆయన చెవిన వేయరాదు.

తదుపరి ప్రదర్శన డిసెంబరులో. బీరువా దుమ్ము దులపడం ఈ రోజు నుంచి మానేశాను.

తేది: 14 సెప్టెంబరు 2025, హఫీజ్‌పేట్.

(సం.) కొల్లూరి సుబ్బలక్ష్మి

సాక్షులు:
1. ఆమని, ఫ్లాట్ 204
2. దినేశ్, మా అపార్టుమెంటు ఎలక్ట్రీషియను