బాపుకు పడని రొట్టె

మానుకోట,
దసరా వెళ్లిన మరుసటి వారం.

చంద్రి బాపుకు,

నువ్వు ఆరోగ్యంగా ఉన్నావని, లోపల నిన్ను ఎవరూ ఏమీ అనడం లేదని నమ్ముకుని రాస్తున్నాను. ఇక్కడ నిన్ను కన్న యాడి బాగుంది, నేనూ బాగున్నాను. చంద్రి సంగతి మాత్రం ఒక్క ముక్కలో రాసేది కాదు. కొంచెం ఓపికగా చదువు. మధ్యలో కాగితం మడిచి పెట్టకు.

మన లంబాడీ మాటలో రాద్దామంటే మన మాటకు రాత లేదాయె. పైగా జైల్లో వాళ్లు చదివాకే నీ చేతికి ఇస్తారని నీతో మూటలు మోసే లక్ష్మా చెప్పాడు. అందుకే బడిలో నేర్చుకున్న తెలుగులోనే రాస్తున్నాను. తప్పులుంటే నవ్వుకో. నువ్వు నవ్వితే నాకు మంచిదే.

నీ ఉత్తరం లక్ష్మా బండి మీద వరంగల్ జైలుకు పోయి తెచ్చాడు. అందులో నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు రాస్తాను. మీ యాడి మోకాలు నొప్పి తగ్గింది. మరిపెడ నుంచి బస్సులు లేక తండాకు పోలేక ఇక్కడే నా దగ్గర ఉంది. భూపాలపల్లి నుంచి మా అన్న రాలేదు. బొగ్గు బాయిలు కూడా బంద్ అయ్యాయి, తెలంగాణ కోసం వాళ్లూ సమ్మెలోనే ఉన్నారు. వద్దామనుకున్నా బస్సు ఏది? మార్కెట్ యార్డు తెరవలేదు. నీతోటి హమాలీలంతా పొద్దున్నే సెంటర్లో శిబిరం దగ్గర కూర్చుంటున్నారు. రైల్‌రోకోలో మిమ్మల్ని పట్టుకుపోయిన రోజు నుంచి ఆ శిబిరంలో మీ పేర్లు రోజూ చదువుతున్నారు. నీ పేరు వినబడ్డప్పుడల్లా చంద్రి చెయ్యి పైకెత్తుతుంది, బడిలో హాజరు పలికినట్టు.

చివరగా అడిగావు, చంద్రి అన్నం తింటున్నదా అని. పోయినసారి రాసిన ఉత్తరంలో తింటున్నదని రాశాను. తినడం లేదు.

నువ్వు పోయిన కొత్తలో తగ్గించింది. ముందు జొన్నరొట్టె వద్దంది. తర్వాత అన్నం సగం వదిలేసింది. నేను గోధుమ కలిసిందేమోనని భయపడ్డాను. ఎండాకాలం హైదరాబాద్ డాక్టరమ్మ చెప్పింది నీకు గుర్తుండే ఉంటుంది. గోధుమలో, మైదాలో, రవ్వలో ఉండే గ్లూటెన్ ఈ పాపకు పడదు, చిటికెడు పోయినా పేగు లోపల పుండు పడుతుంది, బతికినన్నాళ్లూ ముట్టవద్దు అంది. అందుకే నేను జొన్నలు పిండి గిర్నీకి కూడా పంపడం లేదు. ఆ రాయి మీదే గోధుమలు కూడా పడతారు కదా. మీ యాడీ నేనూ ఇంట్లోనే విసురుతున్నాం. ఇంట్లో తప్పు ఎక్కడా లేదు. మరి ఎందుకు తినదు?

శిబిరంలో రిలే నిరాహార దీక్షలు చేస్తున్నారు. దండలు వేసుకుని వరుసగా కూర్చుంటారు. చంద్రి వాళ్ల పక్కన పోయి కూర్చునేది. చూడవచ్చిన పిల్లలకు ఉప్మా, బిస్కెట్లు పంచితే ఎట్లాగూ దానికి పడవు కాబట్టి నేనే వద్దనేదాన్ని. ఒకరోజు ఎవరో అడిగారు.

"ఏం బిడ్డా, నువ్వు గూడ దీక్షల కూసున్నవా?"

అది తల ఊపింది. అంతే, చప్పట్లు కొట్టారు. దీక్షలో కూర్చున్న కట్టయ్య కాకా తన మెడలో దండ తీసి దాని మెడలో వేశాడు. "గింత పోరి గూడ బువ్వ బంద్ వెట్టింది, ఇంకెట్ల రాదు తెలంగాణ!" అన్నాడు మైకులో. నేను గుంపులో నిలబడి ఉన్నాను. నీ దగ్గర దాచడమెందుకు, ఆ పూట నాకూ గొప్పగానే అనిపించింది.

ఇంటికి వచ్చి స్నానం చేయించేటప్పుడు గౌను విప్పితే ఎముకలు కనబడ్డాయి. ఆ రోజు నుంచి బతిమాలాను. కొట్టాను కూడా. గంజి తాగమంటే పళ్లు బిగబట్టింది. మీ యాడి కథలు చెప్పి తినిపిద్దామని చూసింది. నోట్లో పెట్టుకుని బయటికి పోయి ఉమ్మేసి వచ్చింది. దండ వేసిన కాకానే తీసుకొచ్చి "ఇగ ఇడిచెయ్యి బిడ్డా, నీ దీక్ష అయిపోయింది" అని నిమ్మరసం ఇప్పించాను. రెండు గుక్కలు తాగి గ్లాసు ఇచ్చేసింది. నేను దాని ముందు కూర్చుని ఏడిస్తే నా కళ్లు తుడిచింది. తినలేదు.

ఇంతలో దాని పుట్టినరోజు వచ్చింది. పక్కింటి శిరీష టీచర్ నీకు తెలుసు కదా, ఆమె కూడా సమ్మెలో ఉండి ఇంట్లోనే ఉంటున్నది. నా ఏడుపు విని గోడ దగ్గరికి వచ్చింది.

"ఒక్కదాన్ని కూసోవెట్టి పెడితె ఎట్ల తింటది రాజీ? ఎక్కడికి పోయినా దాన్ని ఒక్కదాన్నే వద్దు వద్దు అంటిమి. తోటి పిల్లలను పిలువు. అందరూ తినేది, గదీ తినేది ఒక్కటే ఉండాలె."

కేకు ఎట్లాగూ మైదానే. పట్నంలో టీచర్ వాళ్ల చెల్లె ఒక ఫంక్షన్‌కు పండ్ల గుజ్జు, క్రీము, చక్కెర కలిపి గిన్నెలో పెట్టి, చిప్సు ముంచుకుని తినమన్నదంట. దాన్ని డిప్ అంటారంట. "క్రీము, చక్కెర మనకొద్దు. పెరుగు పెడదాం. చిప్సు జొన్నపిండితోని చేద్దాం" అంది.

నాకు ఆశ పుట్టింది. మునిగిపోయేవాళ్లకు చేతికి ఏది దొరికితే అది పట్టుకున్నట్టు పట్టుకున్నాను. ముందురోజే పెరుగు పల్చటి బట్టలో కట్టి దండెం మీద వేలాడదీశాను. నీళ్లన్నీ కారిపోయి వెన్నలాగ గట్టిపడింది. సీతాఫలాలు ఇప్పుడు బాగా వస్తున్నాయి. గింజలు తీయడానికి మీ యాడి కూర్చుంది. గుజ్జు నలగకుండా, ఒక్క గింజ లేకుండా తీసింది. అందులో పండిన అరటిపండు మెదిపి, వేయించిన పల్లీలు మెత్తగా నూరి కలిపాను. తీపి సీతాఫలంలోనే ఉంది, బెల్లం కూడా వేయలేదు. ఇంకో గిన్నెలో జామపండు గుజ్జు చేసి, కొంచెం ఉప్పు, జీలకర్ర పొడి వేశాను.

చిప్సు మొదట చెడిపోయాయి. జొన్నపిండికి సాగే గుణం లేదు, పల్చగా చేస్తే విరిగిపోతుంది, మందంగా చేస్తే నమలలేం. తర్వాత మరిగే నీళ్లు పోసి కలిపి, కొంచెం బియ్యప్పిండి, నువ్వులు వేసి, తడిబట్ట మీద చేత్తో అద్దాను. మూడు మూలల ముక్కలు కోసి రొట్టెల పెంకు మీద సన్న సెగన కాల్చాను, నూనె లేదు. చల్లారాక ఒకటి విరిస్తే పటుక్కుమంది. ఆ చప్పుడుకు చంద్రి తల తిప్పి చూసింది. ఇన్ని రోజుల్లో తిండి వైపు అది తల తిప్పడం అదే మొదలు. నేను పొయ్యి ముందే చేతులు జోడించాను.

పిల్లలు వచ్చారు. బడులు బంద్ కదా, వీధిలో పిల్లలందరూ వచ్చారు. చాప మీద చుట్టూ కూర్చున్నారు. శిరీష టీచర్ బిడ్డ మౌనిక మొదట ముంచుకుని తిని "ఐస్‌క్రీమ్ లెక్క ఉన్నది!" అని అరిచింది. ఇక గిన్నెలు తిరిగాయి. మూతులకు, ముక్కులకు పూసుకుని తిన్నారు. చంద్రి వాళ్ల మధ్యనే తిరిగింది. ఎవరి చేతిలో అయిపోతే వాళ్లకు చిప్సు పెట్టింది. నవ్వింది కూడా. నేను దాని నోటి వైపే చూస్తున్నాను. ఒక్కటి ముంచింది, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది, మౌనిక చేతిలో పెట్టింది.

పిల్లలు పోయాక మిగిలిన చిప్సు ఏరి గిన్నెలో వేసి, మూత పెట్టి నా దగ్గరికి తెచ్చింది.

"యాడీ, ఇవి బాపుకు పంపు."

"బాపుకు తర్వాత పంపుత. ముందు నువ్వు తిను."

"జైల్ల గోధుమ రొట్టెలు పెడ్తరంట. నానమ్మ చెప్పింది. బాపుకు పడయి గద."

నాకు ముందు అర్థం కాలేదు.

"బాపుకు పడకపోవుడేంది?"

"నాకు పడనట్టే బాపుకు గూడ పడది. బాపే చెప్పిండు. ఆడ ఏం తింటలేడు. తింటె కడుపునొస్తది, తినకుంటె ఆకలైతది. బాపు తిన్నంక నేను తింట."

అప్పుడు నాకు గుర్తొచ్చింది. హైదరాబాద్ నుంచి వచ్చిన రోజు, నేనొక్కదాన్నే ఏం పాపం చేశానని అది ఏడిస్తే, నువ్వు దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని "నాకు గూడ పడది బిడ్డా, మనిద్దరిది ఒక్కటే కడుపు" అన్నావు. ఆ రోజు నుంచి నువ్వు కూడా గోధుమ ముట్టలేదు. హమాలీ పనికి పోయిన చోట పూరీలు పెట్టినా తినలేదని లక్ష్మా నవ్వేవాడు. బిడ్డ ఒంటరి కావద్దని నువ్వు ఆడిన మాట అది. చంద్రి మాత్రం నిజమనుకుంది. తెలంగాణ కోసం కాదు, దండ కోసం కాదు, నీ కడుపు కోసం అది పస్తులుంది. అందరం చప్పట్లు కొట్టాం.

"బాపుకు అన్నం పెడ్తరు బిడ్డా" అన్నాను.

"నువ్వు చూసినవా?"

నేను చూడలేదు. దాని కళ్లలోకి చూసి చూశానని అనలేకపోయాను. ఆ గిన్నె నా చేతికి ఇవ్వబోయి, అట్లాగే మోకాళ్ల మీద కూలబడింది. చిప్సన్నీ నేల మీద చెల్లాచెదురైనాయి. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. పిలిస్తే పలకలేదు.

నన్ను క్షమించు, ఇది పైనే రాయాల్సింది. రాయలేకపోయాను. శిరీష టీచర్ వాళ్లాయన బండి మీద దవాఖానకు తీసుకుపోయాం. నేను వెనక కూర్చుని దాన్ని ఒళ్లో పెట్టుకున్నాను. బరువే లేదు, గంప మోసుకుపోతున్నట్టు ఉంది. ఒక్క పెద్ద డాక్టరే ఉన్నాడు. నరం దొరకక రెండు చేతులూ గుచ్చి సెలైన్ పెట్టాడు. దాని జబ్బు సంగతి చెబితే, "ఉన్న ఒంటికే బలం లేదు, పైన పస్తులా? ఇట్లనే ఉంటె నా చేతుల ఏం లేదమ్మా" అన్నాడు. మీ యాడి ఆ వరండాలో నేల మీద పడి మన దేవతలందరి పేర్లూ పిలిచింది.

మరునాడు పొద్దున లక్ష్మా నీ ఉత్తరంతో అక్కడికే వచ్చాడు. చంద్రి కళ్లు తెరిచి "బాపు రాసిండా? చదువు" అంది. చదివాను. నీ యాడి మోకాలు, బస్సులు, మా అన్న, అన్నీ చదివాను. నీ తిండి గురించి నువ్వు ఒక్క ముక్క కూడా రాయలేదు. రాసి ఉంటావని ప్రతి వరసలో వెతికాను. అప్పుడు నువ్వు రాయనిది నేను చదివాను. "బిడ్డా చంద్రీ, ఇక్కడ నాకు వేరుగా జొన్నరొట్టె చేసి పెడుతున్నారు. కడుపునిండా తింటున్నాను. నా కడుపు నొస్తలేదు. నువ్వు గూడ తిను" అని చదివాను.

"ఇంకోపారి చదువు" అంది. మళ్లీ చదివాను, మాట తేడా రాకుండా. పక్కకు తిరిగి కాసేపు ఏడ్చింది. తర్వాత పెరుగూ సీతాఫలమూ అడిగింది. మీ యాడి వేలితో నాకించింది. మింగింది. ఆ పూట చెంచాడు, సాయంత్రం అరగిన్నె. ఇప్పుడు ఇంటికి తెచ్చాం. జావ తాగుతున్నది, జొన్న చిప్సు నానబెట్టి తింటున్నది. కానీ నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి. హైదరాబాద్ తీసుకుపోయి ఆ డాక్టరమ్మకు చూపించాలని ఇక్కడి డాక్టరు అంటున్నాడు. "మందుల కంటే ముందు వాళ్ల నాయినను చూపించు, లేకుంటె మళ్లా బంద్ వెడ్తది" అని కూడా అన్నాడు. ఆ ఉత్తరం అది దిండు కింద పెట్టుకుంది. రెండో తరగతి పిల్ల, కూడబలుక్కుని చదువుతుంది. ఎప్పుడో ఒకరోజు ఆ వరస కోసం వెతుకుతుంది.

ఇక నీకు చెప్పకుండా నేను చేసిన పని. అందరినీ విడిచే దాకా ఎవరూ జామీను మీద బయటికి రావద్దని మీరు లోపల ఒక్క మాట మీద ఉన్నారు. నాకు తెలుసు. అయినా నేను లాయర్ సారు దగ్గరికి పోయి నీ ఒక్కడి పేరు మీద జామీను అర్జీ వేయమని కాళ్లు పట్టుకున్నాను. లక్ష్మాతో కాగితం పంపుతున్నాను. నువ్వు సంతకం పెడితే చాలంట.

ఊళ్లో తెలిసిపోయింది. కట్టయ్య కాకా ఇంటికి వచ్చాడు. కోపంగా రాలేదు పాపం, బాధతోనే వచ్చాడు.

"ఒక్కడు బయటికొస్తె మిగిలినోళ్ల మనసు ఇరుగుతది బిడ్డా. గింత దూరం వచ్చినం."

"తెలంగాణ రావాలె కాకా, నేను వద్దంటనా? వచ్చిననాడు నా బిడ్డ సూడాలె గద" అన్నాను.

ఆయన లోపలికి చూశాడు. చంద్రి చాప మీద పడుకుని ఉంది. పోయి దాని పాదాలు చేత్తో పట్టుకున్నాడు, లేచి వెళ్లిపోయాడు. ఇంకొందరు మాత్రం నాతో మాట్లాడటం లేదు. మాట్లాడకపోతే పోనీ.

నీ ఇజ్జత్ తీశానని నీకు కోపం వస్తుంది. నీతో ఉన్న వాళ్ల ముందు ఆ కాగితం మీద సంతకం పెట్టడం ఎంత కష్టమో నాకు తెలియదనుకోకు. వాళ్లకు ఈ ఉత్తరం చదివి వినిపించు. వాళ్లకూ పిల్లలున్నారు. నేను రాసినదాంట్లో ఒక్క అబద్ధం కూడా లేదు. అబద్ధాలన్నీ నీకు రాసిన పోయిన ఉత్తరంలో, బిడ్డకు చదివిన ఉత్తరంలో అయిపోయాయి.

వచ్చి నన్ను తిట్టు. నలుగురిలో నిలబెట్టి తిట్టు, పడతాను. తిట్టడానికైనా రా.

నీ కోసం గడపలో చూపు పెట్టుకుని,

ఇట్లు,
చంద్రి యాడి,
రాజీ