ఎక్కడా నలుపు లేదు

బొబ్బిలి,
14 ఆగస్టు 2017.

ప్రియమైన చెల్లి లీలారాణికి,

దేవుని కృపవల్ల నేను బాగున్నాను. ఈసారి ఇది మాటవరసకు రాయడం లేదు, ఆసుపత్రిలో మిషన్ తేల్చి చెప్పింది. ఫోన్లో చెప్పే ముఖం లేక ఉత్తరం రాస్తున్నాను.

నీ కిడ్నీలు రెండూ చెడిపోయాయని తెలిసిన రోజే నాది ఇస్తానని అందరి ముందూ మాటిచ్చాను. ఇంటికొచ్చాక ఆపరేషన్ అంటే వణుకు పట్టుకుంది. వద్దనే ధైర్యమూ లేకపోయింది. అందుకే గుండెల్లో నొప్పి అన్నాను. నొప్పి లేదమ్మా, ఒక్కరోజూ రాలేదు. ట్రెడ్‌మిల్ మీద రెండు నిమిషాలకే ఆయాసమంటూ దిగిపోయాను. ఇరవయ్యేళ్లుగా పిల్లలకి నిజమే చెప్పమని పాఠం చెబుతున్న హెడ్మాస్టర్ని, ఎంత బాగా రొప్పానో!

అలా తేలడం లేదని విశాఖలో గుండెకి ఎమ్మారై తీయించమన్నారు. ముందు రక్తపరీక్ష చేశారు. "మీ కిడ్నీలు శుభ్రంగా ఉన్నాయి సార్, అందుకే ఈ మందు ఎక్కించగలుగుతున్నాం" అంది డాక్టరమ్మ. ఆ మాటకే నేను సిగ్గుతో చావాలి. గొట్టంలో పడుకోబెట్టి ఏదో మందిచ్చారు, మెట్లెక్కినట్టు గుండె దానంతటదే దడదడలాడింది. నటించడానికి ఇక నా చేతిలో ఏమీ లేదు. ఊపిరి బిగబట్టమని, డాక్టరమ్మ ముందు చెప్పిన ఆ బొమ్మకి వాడే మందు నరంలోకి వదిలారు. తర్వాత బొమ్మ చూపించి, రక్తం అందిన కండ తెల్లగా వస్తుందనీ, సరిగా అందని చోట నల్లగా ఉండిపోతుందనీ చెప్పింది. ఎంత రక్తం పారుతోందో కూడా కొలిచారట. "ఎక్కడా నలుపు లేదు, సంతోషమేనా?" అంది. తలూపాను.

నిన్న ఆదివారం, ఉపవాస ప్రార్థనలకి జవాబొచ్చిందనీ లేచి సాక్ష్యం చెప్పమనీ పాస్టరుగారన్నారు. మీ వదిన మోచేత్తో పొడిచి "పిలుస్తన్నారు, లెగండి" అంది. లేచాను. దేవుడు నా గుండెను స్వస్థపరిచాడని చెప్పాను. గ్లోరీ మామ్మ నా కోసం మూడు శుక్రవారాలు పస్తులుందట, వచ్చి నా తల నిమిరింది.

ఎంత తిట్టినా పడతాను. వచ్చే ఆదివారం అందరి ముందూ ఒప్పుకుంటాను. కిడ్నీ ఇవ్వడానికి వస్తాను. భయం మాత్రం పోలేదు.

నీ అన్నయ్య,
జ్ఞానానందం


శ్రీకాకుళం,
19 ఆగస్టు.

అన్నయ్యా,

డయాలసిస్ మంచం మీద రాస్తున్నాను. ఎడంచేతికి సూదులున్నాయి, కుడిచెయ్యి ఖాళీగానే ఉంది.

పాతపట్నంలో మా ఇంటికొచ్చి నొప్పి అన్న రోజు నువ్వు పట్టుకున్నది కుడిపక్క. నేను చూశాను. "ఏటలాగ సూస్తన్నావు?" అన్నారు మీ బావ. ఏం లేదన్నాను.

కోపం రాలేదని రాస్తే అదీ అబద్ధమే. మా సంఘంలో అందరూ నీ కోసం ప్రార్థిస్తుంటే నా పెదవులు కదల్లేదు. ఆ బొమ్మలో నలుపు కనబడాలని కోరుకున్నాను. నొప్పి నిజమైతే నువ్వు నన్ను వదిలెయ్యలేదని తేలుతుంది కదా. సొంత అన్నకి గుండెజబ్బు ఉండాలని కోరుకున్నాను. ఒప్పుకోవాల్సింది నువ్వొక్కడివే కాదు.

భయం పోయేదాకా ఆగకు, నాకంత టైము లేదు. భయపడుతూనే రా. పక్క మంచం మీద నేనూ భయపడుతూనే ఉంటాను.

నీ లీల