మేకు మీది బిళ్ల

గోదావరిఖని నివాసిని, పీజీ కాలేజీలో సోషియాలజీ చెప్పే కొలిపాక రఘుపతి అనే నేను, యాభై మూడేళ్ల వయసున, పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా రాసుకుంటున్న వీలునామా ఏమనగా:

తెలివి సంగతి నా భార్య యమున ఒప్పుకోలేదు. "టీవీతోని కొట్లాడేటోనికి తెలివి సక్కగున్నదని ఎవరు రాసిచ్చిండ్రు?" అంది. దవాఖానలో డాక్టరు రాసిచ్చారు, జతపరిచాను. నాకు జబ్బేమీ లేదు. ఇరవై ఆరేళ్లుగా స్టాఫ్ మీటింగుల్లో చివరి మాట వేరేవాళ్లకే దక్కింది. ఈ కాగితం మీదైనా నాకు దక్కాలి.

1. నా స్వార్జితమైన ఇల్లు నా తదనంతరం యమునకు సర్వహక్కులతో చెందవలెను. టీవీ కూడా. దానితో వాదన ఆమె కొనసాగించనక్కర్లేదు.

2. నా పుస్తకాలన్నీ విద్యార్థులవి. షరతు ఒక్కటే, బీరువాకు తాళం వేయరాదు. మా లైబ్రరీలో తనిఖీ కమిటీ వచ్చిన రోజు మాత్రమే తెరిచే బీరువాలున్నాయి. ఆ రోజే పూలకుండీలు కూడా అద్దెకు వస్తాయి. చదువును కమిటీకి చూపించి మళ్లీ తాళం పెట్టేదాన్ని కాలేజీ అనను, షోరూం అంటాను. పుస్తకం పోతే పోనివ్వండి. పోయిందంటే ఎవరో చదువుతున్నట్టే.

3. సన్మాన శాలువాలు పదకొండు. నా స్కూటరు బాగుచేసే అస్గర్ భాయికి ఇంజను తుడవడానికి రాయబోయాను. "పట్టుబట్ట నూనె పీల్చది సార్. ఈసారి కాటన్ సన్మానం జేపిచ్చుకోండ్రి" అని తిరగ్గొట్టాడు. కాబట్టి అవి స్టాఫ్ రూం కిటికీలకు తెరలు కావలెను. ఆస్తిలో వాటా వద్దన్నందుకు అస్గర్ సాక్షిగా పనికొచ్చాడు.

4. కాలేజీలో నా గది తలుపు పక్కనున్న మేకుల పలక, దాని మీది ఇత్తడి బిళ్లలతో సహా, నా మొదటి పరిశోధక విద్యార్థి, ఇప్పుడు శ్రీరాంపూర్‌లో లెక్చరరైన మెహ్రీన్‌కు చెందుతుంది. ఈ వీలునామా అమలు బాధ్యతా ఆమెదే. పలక సంగతి బొగ్గుబాయి మనుషులకు చెప్పనక్కర్లేదు, మిగతావాళ్లకు చెబుతాను. గనిలోకి దిగే కార్మికుడు ల్యాంప్ రూంలో తన బిళ్ల తగిలించి దీపం తీసుకుంటాడు. పైకొచ్చాక దీపం ఇచ్చి బిళ్ల తీసుకుంటాడు. మేకుకు బిళ్ల ఉందంటే మనిషి ఇంకా లోపలున్నట్టు. నా దగ్గర పరిశోధనకు చేరినవాళ్లూ అంతే. చేరిన రోజు తగిలించాలి, పట్టా వచ్చిన రోజు తన చేత్తో తీసుకోవాలి. మెహ్రీన్ తన బిళ్ల తీసుకుని నా గదిలోనే ఈల వేసింది. ఆ ఈలకు సాటి వచ్చే స్నాతకోత్సవం నేనింకా చూడలేదు.

5. ఇది రాయడానికి మూడు కాగితాలు చించాను. సంధ్యారాణి నా విద్యార్థిని. ల్యాంప్ రూంలో పనిచేసి రిటైరైన పోశం కూతురు. మగవాళ్లు మూడు షిఫ్టుల్లో బాయికి పోతే, ఇంట్లో ఆడవాళ్లు మూడు షిఫ్టులకూ పొయ్యి వెలిగిస్తారు, వాళ్లకు మాత్రం మస్టర్ పడదు. ఆ హాజరు లేని డ్యూటీయే ఆమె పరిశోధన. నాలుగేళ్ల కింద సమీక్షలో అప్పటి విభాగాధిపతి, "ఇది పరిశోధనా, వంటల పుస్తకమా?" అన్నారు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు, కానీ నోరు విప్పలేదు. నా ప్రమోషన్ ఫైలు ఆయన బల్ల మీద ఉంది. ఊరందరి మీదా వ్యాసాలు రాసేవాణ్ణి, ఆ ఒక్క పూట మూగవాణ్ణయ్యాను. ఆమె మానేసి రామకృష్ణాపూర్ వెళ్లిపోయింది. నా మీద నాకున్న కోపంతో ఆమె బిళ్ల పీకి సొరుగులో పడేశాను.

ఆమె పుస్తకాలు తీసుకుపోవడానికి వచ్చిన పోశం ఖాళీ మేకు చూశాడు. "మనిషి ఇంక బాయిలనే ఉండంగ బిళ్ల ఎట్ల తీసిండ్రు సారూ? మా ల్యాంప్ రూంల గిట్ల జేస్తే నౌకరి వోతుండె" అన్నాడు. నా మీద వచ్చిన సమీక్షల్లో నేను ఎదురు వాదించనిది అదొక్కటే. ఆయన ముందే బిళ్ల మళ్లీ తగిలించాను.

సంధ్యారాణీ, తప్పు నాది. నా నోట్సు, ఇంటర్వ్యూల రికార్డింగులు అన్నీ నీవి.

6. పై షరతు మెహ్రీన్ చదివి మండిపడింది. "సచ్చినంక సారీ చెప్తరా సార్? జల్ది లేచి ఇప్పుడే పోండ్రి!" నిన్న అస్గర్ బండి మీద రామకృష్ణాపూర్ వెళ్లి, సంధ్యారాణి ఇంటి ముందు నిలబడే ఐదో షరతు చదివాను. ఆమె లోపలికి వెళ్లి ఇంత మందం రాసిన కాగితాల కట్ట తెచ్చింది. "బిళ్ల మేకుకే ఉన్నదని నాయిన చెప్పిండు సార్. గందుకే రాసుడు ఆపలే. ఇంక ఒక్క చాప్టరే ఉన్నది" అంది. తిరిగొచ్చేటప్పుడు దారంతా పాడానని అస్గర్ ఫిర్యాదు. నిజమే.

7. ఆ గ్రంథం పూర్తయ్యాక మొదటి ప్రతి ఆ మాజీ విభాగాధిపతికి పంపవలెను. లోపల ఇలా రాయాలి: వంటింట్లో ఉంచుకోగలరు.

8. చివరి షరతు. సంధ్యారాణి తన చేత్తో ఆ బిళ్ల తీసుకునేదాకా ఈ వీలునామా అమలుకు రావడానికి వీల్లేదు. అప్పటిదాకా నేనూ లోపలున్నట్టే. నా బిళ్ల ఎవరూ ముట్టరాదు.

గోదావరిఖని, 9 జూలై 2025, బుధవారం.

(సంతకం) కొలిపాక రఘుపతి

సాక్షులు:
1. మహమ్మద్ అస్గర్, మెకానిక్
2. పోశం, రిటైర్డ్ ల్యాంప్ రూం కార్మికుడు